ఏ కంపెనీ?

ఇప్పుడు హోసూరులో నేనుండే వీధిలో నాకు ఒక చెడ్డపేరు ఉంది. కొత్తగా పరిచయమైనవాళ్ళు ఎవరైనా "మా ఆయన కంపెనీలో చేస్తాడు" అంటే వెంటనే "ఏ కంపెనీ?" అని అడుగుతాను. పేరు చెప్పేదాకా వదలను. రెండువేల సంవత్సరం దాటాక ఆంధ్రా నుంచి, తెలంగాణ వైపు నుంచి పిల్లలు గుంపులు గుంపులుగా హోసూరుకు పనికి రావడం మొదలైంది. మా మేడమీద గదిలో కూడా అలాంటివాళ్ళే అద్దెకు ఉండేవాళ్ళు. వాళ్ళలో కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్ళికూతురు నా ప్రశ్నలకు విసిగిపోయి, "ఏందక్కా, పెళ్ళిచూపుల్లో కూడా మమ్మల్ని ఇన్ని అడగలేదు" అంది. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆమె భర్త పనిచేసే చోటు పేరు చెప్పించుకునే కిందికి దిగాను.

కంపెనీ అనే మాట మీద నాకు కోపం. మనుషుల మీద కోపం పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు, మాట మీద పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో. ఇంగ్లీషు నిఘంటువులో దానికి నలుగురు కలిసి చేసే వ్యాపారం అని అర్థం రాసి ఉంటుంది. నేను పుట్టిన ఊళ్ళో దానికి ఆ అర్థం లేదు. మా ఊళ్ళో కంపెనీ అంటే ఒక చోటు. ఆస్పత్రి ఉన్నట్టు, కోర్టు ఉన్నట్టు, సంత ఉన్నట్టు హోసూరులో కంపెనీ ఉంది. సంతకు పోయినాడంటే ఏ సంత అని ఎవరడుగుతారు? మాకు బేరిగై సంతే సంత. అలాగే కంపెనీ అంటే మా అన్న పోయే కంపెనీ.

మా ఊరు బేరిగై నుంచి ఇంకా లోపలికి పోవాలి. రాగి చేలు, గొర్రెలు, నాలుగు టమోటా తోటలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాకు. ఒకే రోజులో మూడు భాషలు మార్చే మేము ఒక్క కంపెనీ అనే మాటను మాత్రం మూడింటిలోనూ మార్చేవాళ్ళం కాదు. తొంభైల మొదట్లో ఆ ఊరి నుంచి ఫ్యాక్టరీ పనికి పోయినవాడు మా అన్న ఒక్కడే. అందుకని ఆ మాట కూడా మా ఇంటి సొత్తు అయిపోయింది.

మా అమ్మ దాన్ని ఎక్కడ పడితే అక్కడ తగిలించేది. అన్న చేతులు కడుక్కునే పచ్చ సబ్బు ముక్క తెస్తే అది కంపెనీ సబ్బు. మెషిన్లు తుడిచే దారపు పీచు తెస్తే, దాంతో వేడి గిన్నెలు దించుతూ, అది కంపెనీ పీచు. ఆదివారం అన్న ఇంటికొచ్చి మధ్యాహ్నందాకా ఒళ్ళు తెలియకుండా పడుకుంటే అది కంపెనీ నిద్ర. "అరవొద్దండి, కంపెనీ నిద్రలో ఉండాడు" అని కోళ్ళను కూడా కసిరేది. అన్న బూడిదరంగు చొక్కాను మా బట్టలతో కలిపి నానబెట్టేది కాదు. దాన్ని విడిగా ఉతికి, మిగతావాటికంటే ఎత్తుగా, దారిన పోయేవాళ్ళకు కనబడేటట్టు ఆరేసేది.

మా నాయన గొర్రెల మనిషి. మాటలు తక్కువ. ఆయన కూడా ఈ ఒక్క విషయంలో కొంచెం మారాడు. బేరిగై టీ అంగట్లో ఎవరైనా "అబ్బోడు యాడుండాడప్పా?" అంటే, తెలిసి అడిగినా తెలియక అడిగినా, "కంపెనీలో" అని చెప్పి టీ ఒక గుక్క తాగి, మళ్ళీ "కంపెనీలో ఉండాడు" అనేవాడు. పక్కింటి ముసలాయన ఎగతాళి చేసేవాడు: "ఏమప్పా, ఇంక గొర్రెల్ని కూడా ఆడే చేర్పిస్తావా?" నాయన మీసం కింద నవ్వుకునేవాడు.

అన్న హోసూరులో ముగ్గురు నలుగురితో కలిసి ఒక రూములో ఉండేవాడు. ఆ రూము కూడా మాకు మాటే. యాడ అంటే బస్టాండు కాడ. అమ్మ ఒకసారి "కంపెనీ ఎట్లుంటాదిరా?" అని అడిగితే, "పెద్దదిమా, మన ఊరంతా లోపల పడ్తాది" అన్నాడు. అమ్మకు ఆ జవాబు చాలింది. మాకందరికీ చాలింది.

ఆయుధపూజ రోజు కంపెనీల గేట్లు తెరుస్తారని, పనిచేసేవాళ్ళ ఇళ్ళవాళ్ళను లోపలికి రానిస్తారని నాయన బస్సులో ఎవరో చెప్తే విన్నాడు. ఆ రోజు మెషిన్లకు అరటి పిలకలు కట్టి బంతిపూలు వేస్తారని, పిల్లలకు స్వీటు డబ్బాలిస్తారని వచ్చి మాకు చెప్పాడు. తలగుడ్డ ఉతికి పెట్టుకున్నాడు. ఆ ఆదివారం అన్న వచ్చినప్పుడు అడిగితే, "ఈసారి కాదు నాయనా, వచ్చే ఏడు పోదాం" అన్నాడు. మరుసటి ఏడు కూడా అదే అన్నాడు. నాయన ముఖం చిన్నబోయింది కానీ కొడుకును ఏమీ అనలేదు. "అందర్నీ పిలిస్తే చోటు సాలొద్దా" అని ఆయనే సర్దిచెప్పాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మా ఇళ్ళలో సామెత. గొర్రెల మధ్య బతికినవాళ్ళకు ఆ గుణం అంటుకుంటుందేమో.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. పొద్దున నాయన దొడ్డి తెరుస్తుండగా పాల డిపో ఆయన సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చాడు. ఊరికంతటికీ ఫోను ఉన్నది ఆ డిపోలోనే.

"హోసూరు నుంచి ఫోనొచ్చిందప్పా. మీవోనికి కంపెనీలో దెబ్బ తగిలిందంట. వెంటనే కంపెనీకి రమ్మన్నారు."

"ఎవురు చేసింది?" అన్నాడు నాయన.

"తోడు పనిచేసేవాడంట. కంపెనీ నుంచి మాట్లాడ్తాండానని చెప్పినాడు. అంతలోనే లైను తెగిపోయింది."

పాల డిపో ఆయన ఫోనులో ఇంకేమీ అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు. మాకూ తోచలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని "నేనూ వస్తా" అంది. గొర్రెల్ని వదిలి ఇద్దరూ పోయేదెట్లా అని నాయన ఆమెను ఆపి, నన్ను రమ్మన్నాడు. బోర్డులు చదవడానికి నేను కావాలి.

బాగలూరు మీదుగా పోయే బస్సులో నాయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి నా వైపు తిరిగి "కంపెనీలోనే డాక్టరుంటాడులే పాపా. ఊరంత కంపెనీ, డాక్టరు లేకుండా ఉంటాడా?" అన్నాడు. నేను తలూపాను. నాకూ అదే ధైర్యం.

హోసూరు బస్టాండులో ఆటో ఎక్కి నాయన "కంపెనీకి పోనీప్పా" అన్నాడు. ఆటో ఆయన తమిళంలో ఏ కంపెనీ అని అడిగాడు. మేము తెలుగువాళ్ళమని తెలిసి తెలుగులో అడిగాడు. నాయన ముందుకు వంగి, చెవిటివాడికి చెప్పినట్టు కొంచెం గట్టిగా, "కంపెనీకప్పా. మావోడు చేసే కంపెనీ" అన్నాడు.

"పేరుంటాది గదన్నా."

నాయన మా అన్న పేరు చెప్పాడు.

ఆటో ఆయన వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ చూశాడు. "మీవోని పేరు కాదు. కంపెనీ పేరు. బెంగళూరు రోడ్డు పక్కంతా కంపెనీలే. ఏదని పోయేది?"

"పెద్దది," అన్నాడు నాయన. "ఊరంత ఉంటాదంట."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అన్నీ అట్లనే ఉంటాయన్నా" అని బండి తిప్పాడు.

నేను అంతకుముందు ఆ వైపు ఎప్పుడూ పోలేదు. మా ఊరంత గోడ ఒకటి, అది అయిపోగానే ఇంకో గోడ. గోడకొక గేటు, గేటుకొక బోర్డు. లోపలి నుంచి ఏదో మోత ఆగకుండా వస్తూ ఉంది. ఆటో ఆయన మమ్మల్ని మొదటి గేటు దగ్గర దింపి, అడుగుతూ పొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. కంపెనీ అంటే ఒకటి కాదని నాయనకు అక్కడ, ఆ రోడ్డు మీద నిలబడినప్పుడు తెలిసింది. ఆయన తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, మళ్ళీ కట్టుకుని, "చదువు పాపా" అన్నాడు.

బోర్డు చదివాను. నాయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది కాదు" అన్నాడు. ముందుకు నడిచాం. ఇంకో బోర్డు చదివాను. "ఇదీ కాదు." కొంత దూరం పోయాక నాకు అర్థమైంది. కొడుకు పనిచేసే చోటు పేరు చెవిన పడితే తనకు తెలిసిపోతుందని ఆయన అనుకుంటున్నాడు. ఎప్పుడూ వినని పేరును ఎట్లా గుర్తుపడతావు నాయనా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అట్లా కాదులే, ప్రతి గేటు దగ్గరా అడుగుదాం అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

గేటు గేటుకూ ఆగి అన్న పేరు చెప్పాం. మా అన్నది ఆ చుట్టుపక్కల ఇంటికొకడు పెట్టుకునే దేవుడి పేరు. కావలివాళ్ళు లోపలికి ఫోను చేసేవాళ్ళు, మేము ఎండలో నిలబడేవాళ్ళం, లేడని చెప్పేవాళ్ళు. ఒకచోట మాత్రం "ఉండాడు, వస్తాండాడు" అన్నారు. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. వస్తున్నాడంటే నడవగలుగుతున్నాడన్నమాట. లోపలి నుంచి నీలం చొక్కా వేసుకున్న ఒక మనిషి నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ పరిగెత్తి వచ్చాడు. మా అన్న కాదు. మా అన్న పేరున్న ఇంకెవరో.

ఆ మనిషి మమ్మల్ని చూసి అట్లాగే నిలబడిపోయాడు. "నాయన వచ్చినాడని చెప్పినారు. ఇంట్లో ఎవురికో ఏమో అయిందని..." అన్నాడు. నాయన దగ్గరికి పోయి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు బాగుండావు గదప్పా. అది సాలు. పోయి పని చూసుకో" అన్నాడు. ఆ మనిషి లోపలికి పోతూ పోతూ రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది మొదట అక్కడే.

ఆ తర్వాతి గేటుకు పెద్ద ఇనుప తలుపులు. పక్కన పొడవాటి ఇంగ్లీషు పేరు. నేను కూడబలుక్కుంటూ చదివాను. నాయన ఈసారి ఏమీ అనలేదు. లోపలికి ఫోను చేసిన కావలాయన అట్లాంటి పేరుగలవాడు లేడన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "చొక్కా ఏం రంగు? నీలమా?" అని అడిగాడు.

"బూడిదరంగు" అన్నాడు నాయన. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది. రంగు అడుగుతున్నారంటే దారి దొరుకుతున్నట్టే కదా.

"బూడిదరంగా? అట్లయితే కాంట్రాక్టు మనిషి. నీలం చొక్కాలోళ్ళు కంపెనీ మనుషులు. బూడిదరంగోళ్ళను కాంట్రాక్టరు తోలుకొస్తాడు, ఆయనే తోలుకుపోతాడు. వాళ్ళ పేర్లు మా కాడ ఉండవు పెద్దాయనా."

"పని మాత్రం ఈడే గదప్పా చేసేది?"

"పని ఈడే. మనిషి మాత్రం కాంట్రాక్టరు మనిషి."

మా వైపు కోతలు అయ్యాక రైతులు గొర్రెల మందను తమ చేలో రాత్రిళ్ళు నిలిపించుకుంటారు, ఎరువు కోసం. మంద కట్టడం అంటారు. మా నాయన బతుకంతా చేసిన పని అది. ఆయన నెమ్మదిగా అన్నాడు: "అంటే మంద కట్టినట్టు. చేను మీది, ఎరువు మీకు. గొర్రె చస్తే మాత్రం మాది."

కావలాయనకు కోపం రాలేదు. కిందికి చూశాడు. "నేనూ జీతగాన్నే అన్నా" అన్నాడు. తర్వాత మా మీద జాలిపడే కావచ్చు, "మా కంపెనీలో ఐతే ఈరోజు ఎవురికీ దెబ్బ తగల్లేదు. ఇంకో చోట అడగండి" అని చెప్పాడు.

నాయన "మంచిదప్పా" అన్నాడు. నిజంగానే మంచిదనుకున్నాడు. ఇక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదని ఆయన ముఖం కొంచెం తేరుకుంది. ఆయుధపూజకు మమ్మల్ని ఎందుకు పిలవలేదో నాకు అక్కడే తెలిసింది. బూడిదరంగు చొక్కాల ఇళ్ళవాళ్ళను ఎవరు పిలుస్తారు? అమ్మ దాన్ని ఎత్తుగా ఆరేయడం గుర్తుకొచ్చి నాకు అన్న మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. కనీసం నాతోనైనా అని ఉండొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది.

ఇంకా కొన్ని గేట్లు తిరిగాం. ఎండ నడినెత్తికొచ్చింది. ఒక టీ బండి దగ్గర నాయన కూలబడ్డాడు. బండి ఆమె మాకు నీళ్ళిచ్చి సంగతి కనుక్కుంది. విని, గరిటె పక్కన పెట్టింది.

"ఇట్ల గేట్లెంబడి తిరిగితే ఎప్పటికి దొరుకుతాడన్నా? ముందు పెద్దాసుపత్రికి పోండి."

"కంపెనీకి రమ్మన్నారమ్మా" అన్నాడు నాయన. "కంపెనీలో డాక్టరుంటాడు గదా."

ఆమె నా వైపు తిరిగి, "నువ్వన్నా చెప్పు పాపా. దెబ్బ తగిలినోన్ని కంపెనీలో పెట్టుకుంటారా?" అంది.

ఆస్పత్రిలో ఒక వార్డు మనిషి మా మాట పూర్తిగా వినకుండానే, "కంపెనీ పిల్లోడా? ఇంతకుముందే తెచ్చినారు. ఈడ కాదన్నారు. వ్యానులో కృష్ణగిరికి తోలుకుపోయినారు" అన్నాడు. బూడిదరంగు చొక్కానా అంటే ఔనన్నాడు. అప్పుడు నేను అడిగాను, నా జీవితంలో మొదటిసారి: "ఏ కంపెనీ?"

"ఎవురికి తెలుసు పాపా? కంపెనీ అన్నారు" అన్నాడు.

కృష్ణగిరి బస్సులో మాకు సీటు దొరకలేదు. నిలబడే పోయాం. శూలగిరి దాటాక రోడ్డు పక్కన మామిడికాయలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. బస్సు ఎక్కినప్పటినుంచి నాయన ఏ దేవుడికి మొక్కుకున్నాడో, ఏమని మొక్కుకున్నాడో నాకు తెలియదు. పెదాలు మాత్రం కదులుతూ ఉన్నాయి. నేను అన్నకు ఏ చేతికి దెబ్బ తగిలి ఉంటుందో, కుడిచేయి కాకూడదని అనుకుంటూ నిలబడ్డాను. ఆ వయసులో నాకు దెబ్బ అంటే చేతికి, కాలికి తగిలేదే.

ఆస్పత్రి మెట్ల మీద బూడిదరంగు చొక్కా వేసుకున్న అబ్బాయి ఒకడు మోకాళ్ళ మధ్య తలపెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అన్న ఈడు వాడే. మమ్మల్ని చూసి లేచాడు. "బేరిగై కాడ్నుంచా?" అన్నాడు. నాయన తలూపాడు. ఆ అబ్బాయి చొక్కా అంచు పట్టుకుని నలుపుతూ నిలబడ్డాడు. నాయన అతని ముఖం చూసి అంతా తెలుసుకుని, మెట్టు మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చున్నాడు.

"ఇప్పుడే పెద్దాయనా," అన్నాడు ఆ అబ్బాయి. "మీరొచ్చే ముందర."

మా అన్నను చూశాం. దాని గురించి రాయను. ముఖం మీద ఏ దెబ్బా లేదు, అంతమాత్రం చెప్తాను. కంపెనీ నిద్రలో ఉన్నప్పటిలాగే ఉన్నాడు. నాయన అన్న పాదాలు పట్టుకుని, పేరు పెట్టి పిలవకుండా, "వచ్చినాన్రా, వచ్చినాను" అని మాత్రం అంటూ ఉన్నాడు. నేను అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఆయన అట్లా మాట్లాడగా వినలేదు.

పోస్టుమార్టం అని మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. ఆ అబ్బాయి మాతోనే కూర్చున్నాడు. జరిగిందంతా అప్పుడు చెప్పాడు. పొద్దున షిఫ్టు మొదలవగానే ఇనుప దిమ్మె ఒకటి కొక్కెం నుంచి జారి అన్న పొట్ట మీద పడింది. పైకి రక్తం లేదు. అన్న మాట్లాడుతూనే ఉన్నాడు. అందుకని ఫస్టెయిడ్ గదిలో బల్ల మీద పడుకోబెట్టి కాంట్రాక్టరు కోసం చూశారు. కాంట్రాక్టరు రాకుండా కంపెనీ వ్యాను ఇచ్చేది లేదన్నారు. ఆయన వచ్చేసరికి ఎండ ముదిరింది. దగ్గరున్న బెంగళూరుకు తీసుకుపోతే అది వేరే రాష్ట్రం, పోలీసులు, కేసులు అని కృష్ణగిరికి తిప్పాడు. ఆయన ఇప్పుడు యాడున్నాడంటే ఆ అబ్బాయికి తెలియదు. వ్యాను దింపి పోయింది.

"పొద్దున్నుంచి అదే అడుగుతుండినాడు పెద్దాయనా. నాయన వచ్చినాడా, నాయన వచ్చినాడా అని. గేటు కాడ శబ్దమైతే చాలు, చూసిరా అనేవాడు."

నేను కంపెనీ పేరు అడిగాను. చెప్పాడు. పొడవాటి ఇంగ్లీషు పేరు. ఇనుప తలుపులు, పక్కన బోర్డు. నేను కూడబలుక్కుంటూ చదివిన బోర్డు అది. మేము ఆ గేటు ముందు నిలబడి రంగులు చెప్తున్నప్పుడు అన్న ఆ గోడకు ఆవలే బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఇక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదంటే నాయన మంచిదప్పా అన్నాడు. నేను నాయన వైపు చూశాను. ఆయనకూ అర్థమైంది. కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచి నాయన ఆ అబ్బాయిని అడిగాడు. తిట్టినట్టు కాదు, తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగాడు. "ఫోన్లో పేరు ఎందుకు చెప్పలేదప్పా?"

ఆ అబ్బాయి తల వంచుకున్నాడు. "కంపెనీ అంటే సాలనుకున్నా పెద్దాయనా. మా ఇంట్లో అంతే అంటారు."

"మీ ఊరు యాడ?"

"ఊత్తంగరై పక్కన."

"నాయనుండాడా?"

"ఉండాడు. మేకలు మేపుతాడు."

"ఆయనకు తెలుసునా, నువ్వు చేసే కంపెనీ పేరు?"

ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. నాయన "పో. ఇప్పుడే పోయి చెప్పు" అన్నాడు. ఆ అబ్బాయి కదల్లేదు. మమ్మల్ని ఒంటరిగా వదిలి ఎట్లా పోతాడు? నాయన నన్ను చూశాడు. "పాపా, నువ్వు తోడు పో. చెప్పినాడో లేదో చూసి రా."

ఆస్పత్రి ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. మా ఊళ్ళో పాల డిపో లాగా వాళ్ళ ఊళ్ళో ఒక అంగడికి ఫోనుంది. వాళ్ళ నాయనను పిలుచుకు రమ్మని చెప్పి పెట్టేసి, మళ్ళీ చెయ్యడానికి గాజు తలుపు పక్కన నిలబడ్డాం. ఆ అబ్బాయి చొక్కా మీద మా అన్నను మోసినప్పుడు అంటిన నూనె మరకలు ఉన్నాయి. మళ్ళీ చేశాడు. తలుపు సరిగ్గా మూసుకోదు, మాటలన్నీ వినబడుతున్నాయి.

"నాయనా, నేనే. ఏమీ కాలేదు. బాగుండా. ఊరికే చేసినా. ఒక పేరు చెప్తా, గుర్తు పెట్టుకో." పేరు చెప్పాడు. అవతల ఏదో అన్నట్టున్నారు. "కాదు, ఇంకోసారి చెప్పు." మళ్ళీ చెప్పాడు, ముక్కలు ముక్కలుగా విరిచి. "ఆ, అదే. నేను చేసేది ఆడ. పని పోలేదు నాయనా, పోలేదు. విను. నేను కంపెనీ మనిషిని కాదు. కాంట్రాక్టు. అదేమో తర్వాత చెప్తా." ఫోను చెవి నుంచి తీసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎప్పుడన్నా నాకేమన్నా అయితే, నువ్వు ఆ గేటు కాడికొచ్చి అడిగితే, లేడంటారు నాయనా. అట్లాంటోడు ఎవురూ లేడంటారు. లేడన్నా సరే, నువ్వు పోవద్దు. ఆడే కూర్చో."